రక్తం పన్నెండు, నిల్వ అయిదు

పాతికేళ్ళకు పైగా నేను పనిచేస్తున్న పత్రికలో నా గురించి ఒకే ఒక్క వార్త అచ్చయింది. జిల్లా పేజీలో అడుగున, మూడే వాక్యాలు. ఎండల వార్త కోసం రెంటచింతల వెళ్ళిన మహిళా విలేకరి వడదెబ్బ తగిలి పడిపోయారు. స్థానికులు మజ్జిగ తాగించి ఆస్పత్రికి చేర్చారు. ఆమె కోలుకుంటున్నారు.

పడిపోయిన మాట నిజం. మజ్జిగ కూడా నిజం. వడదెబ్బ మాత్రం అబద్ధం. కోలుకుంటున్నారన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. రాసినవాళ్ళ తప్పేమీ లేదు. నన్నడిగినా నేను అదే చెప్పేదాన్ని. అసలు సంగతి తెలియడానికి పది నెలలు పట్టింది. తెలిసిన రోజున నిర్ఘాంతపోయి కూర్చున్నదాన్ని, ఆ ఆశ్చర్యం నుంచి ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు. ఒంట్లో ఓపిక వచ్చింది, కూర్చుని నాలుగు పేజీలు రాయగలుగుతున్నాను. నాలాంటి వాళ్ళు మా జిల్లాలో వీధికొకరున్నా ఉండొచ్చనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

మే

మే నెల వచ్చిందంటే మా పత్రికకు రెంటచింతల గుర్తొస్తుంది. జిల్లాలో ఎక్కడ ఎండ మండినా ఫొటో మాత్రం అక్కడిదే కావాలి. నేనుండేది నరసరావుపేటలో. పొద్దున్నే మాచర్ల బస్సెక్కి రెంటచింతలలో దిగాను. సెంటర్లో నిమ్మసోడా బండి దగ్గర గొడుగు కింద నిలబడి, బండాయన్ని మాటల్లో పెట్టాను.

“ఈ ఏడు ఎట్టా ఉందయ్యా ఎండ?”

“మాకేం కొత్తమ్మా. ఏడాదికోసారి మీరొచ్చి అడిగినప్పుడే ఎండగా ఉన్నట్టు తెలిసిద్ది” అన్నాడు.

నవ్వబోయాను. ఆ నవ్వు పూర్తయిందో లేదో గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి చర్చి వరండాలో పడుకుని ఉన్నాను. ఒకామె తడిగుడ్డతో మొహం తుడుస్తోంది. ఇంకెవరో గ్లాసుతో మజ్జిగ పట్టుకున్నారు. “వడదెబ్బే, ఇంక చూడక్కర్లా. పేటోళ్ళకి మన ఎండ ఆగిద్దా?” అని ఒక పెద్దాయన కొంచెం గర్వంగానే తీర్పు చెబుతున్నాడు.

అప్పుడు టైము తొమ్మిదిన్నర. నేను పడింది నీడలో. ఎండ ఇంకా ముదరనేలేదు. ఈ ముక్క అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. మే నెలలో రెంటచింతలలో మనిషి పడిపోతే అది వడదెబ్బే. ఇంకో కారణం ఉంటుందన్న అనుమానమే రాదు. ఏది, ఎప్పుడు, ఎలా జరిగిందని ఊరంతటినీ అడుగుతూ బతికిన నాకూ రాలేదు. ఒక సెలైను పెట్టించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాను. మర్నాడు పేపర్లో వార్త చూసుకుని నవ్వుకున్నాను కూడా.

మూడో రోజు పొద్దున మంచం దిగి నిలబడలేకపోయాను. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళి, తిరిగి రావడానికి మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. కంగారు పడే మనిషి కాదు. నా మొహం చూసి ఆ రోజు మాత్రం చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ అయిదు పాయింట్ తొమ్మిది. డాక్టరు ఆ కాగితం చూసి నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

“ఇన్నాళ్ళూ ఎట్టా తిరిగారమ్మా?”

“బస్సుల్లో తిరిగానండీ” అన్నాను.

ఆయన నవ్వలేదు. నెలసరి ఎలా ఉంటుందని అడిగాడు. నలభై అయిదు దాటిన దగ్గర్నుంచి పది పన్నెండు రోజులు ఉంటోందని, వయసు వల్ల అనుకున్నానని చెప్పాను. ఇంట్లో ఎవరికైనా చెప్పారా అన్నాడు. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. ఆయనకు తెలియదు. అది చెప్పుకునే సంగతని నాకెప్పుడూ అనిపించలేదు.

రెండు సీసాల రక్తం ఎక్కించాలన్నారు. మా ఆయన రక్తం కోసం తన కాలేజీ కుర్రాళ్ళకు ఫోన్లు చేస్తూ మెట్ల దగ్గర తిరుగుతుంటే నేను హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. తల నిలబడటం లేదు, పక్కకు వాలిపోతోంది. పక్కన ఒక కూలిమనిషి కూర్చుని ఉంది. పెదకూరపాడు అవతల నుంచి కూతురి కాన్పుకు వచ్చిందట.

“ఒరుగు తల్లీ, ఒరుగు. నా భుజమేం అరిగిపోదు” అంది.

ఒరిగాను. ఆమె నా చేతిలోని రిపోర్టు కవరు తీసుకుని దాంతోనే విసిరింది. గంట పైన అలాగే కూర్చుంది. లోపల్నుంచి నర్సు ఆమె కూతురి పేరు పిలిస్తే, నా తల రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనించి, అప్పుడు లేచింది. ఆమె పేరు అడగలేదు. పరిచయమైన ప్రతి మనిషి పేరూ ఊరూ రాసుకునే అలవాటున్నదాన్ని, ఆ రోజు నాకు ఆ శక్తి కూడా లేదు.

జూన్ నుంచి సెప్టెంబరు

రక్తం ఎక్కాక మొహంలో కళ వచ్చిందన్నారందరూ. నెలసరికి మందులిచ్చారు, అది దారిలో పడింది. రోజూ ఐరన్ మాత్ర. దాంతో మలబద్ధకం, నోట్లో ఇనుప మేకు చప్పరించినట్టు రుచి. అయినా మింగాను. నెలకోసారి పరీక్ష. ఎనిమిదిన్నర, పది, పదకొండు. మా ఆయన ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి అంకెలు వేసేవారు. సెప్టెంబరులో పన్నెండు పాయింట్ రెండు వచ్చింది.

“పాసయ్యావ్” అన్నారు. ఆ రిపోర్టు ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. చప్పట్లు కొట్టే బొమ్మలు వచ్చాయి. మా ఆడబిడ్డ ఫోన్ చేసి “రక్తం పట్టిందంట గదా వదినా, ఇంకేం, దిష్టి తీయించుకో” అంది.

ఆ రోజే మాత్రలు ఆపేశాను. డాక్టరు ఆపమనలేదు. ఆపొచ్చా అని నేనూ అడగలేదు. అంకె వచ్చేసింది, ఇంకా మేకులు చప్పరించడం ఎందుకనుకున్నాను. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం బీరువాలో చీరల కింద ఉంది. దాని చివరి లైనులో, రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు వాడాలని డాక్టరు చేత్తో రాశాడు. అంత చక్కటి దస్తూరీ ఏ డాక్టరుకూ ఉండదు. నేను ఆ లైను చదవలేదు. కుర్ర విలేకరులు పంపే కాపీలను చివరి ఫుల్‌స్టాపు దాకా చదివి తప్పులు పట్టే మనిషిని, నా ప్రాణానికి సంబంధించిన కాగితం సగం చదివి మడత పెట్టాను.

చలికాలం

నవంబరు చివర్లో మొదలైంది. పొద్దున లేవగానే అలసట. రాత్రంతా నిద్రపోయినా, లేచేసరికి అప్పుడే పొలం పని ముగించుకుని వచ్చిన మనిషిలా ఉండేది. దువ్వెన నిండా జుట్టు. కూర్చుంటే కాళ్ళు లాగుతాయి, నిలబడితే ఆయాసం. చదివిన పేరా మళ్ళీ చదవాల్సి వచ్చేది. జనవరిలో పరీక్ష చేయిస్తే పదకొండు పాయింట్ తొమ్మిది.

“పన్నెండుకి పాయింట్ ఒకటి తక్కువ. అది తేడా కిందికే రాదు” అన్నారు మా ఆయన.

“నాకు బాగాలేదండీ.”

“రిపోర్టు బాగుంది గదా?”

ఆయన దురుసుగా అనలేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందా? అంకె బాగుంది, మనిషి బాగాలేదు. అంకె అబద్ధం చెప్పదు కాబట్టి అబద్ధం చెబుతున్నది నేనేనని నాకే అనుమానం పట్టుకుంది. ఇది జబ్బా, లేక వయసుతో పాటు వచ్చిన బద్ధకమా? పొద్దున మంచం మీద కూర్చుని నన్ను నేను అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. సమాధానం బద్ధకమే అయితే, ఈ ఉద్యోగం నాది కాదు. జిల్లాలో తిరిగి వార్త తెచ్చే పని బద్ధకస్తులది కాదు.

ఫిబ్రవరిలో గురజాలలో ఒక పార్టీ ఆఫీసులో ప్రెస్‌మీట్ పెట్టారు. పై అంతస్తులో. తొమ్మిది మెట్లెక్కి కూర్చుండిపోయాను. మిగతా విలేకరులు నన్ను తప్పించుకుని పైకి పోతున్నారు. “మేడం ఏందీ, మెట్ల మీద ధర్నానా?” అన్నాడు ఒకడు వేళాకోళంగా. నవ్వి, కిందికి దిగి, బస్టాండుకొచ్చి, పైన జరిగింది ఫోన్లో కనుక్కుని రాసి పంపాను. ఆ సమావేశానికి రాని మనిషి వచ్చాడని రాశాను. వచ్చాడని చెప్పిన మనిషిని గుచ్చి అడిగే ఓపిక నాకు లేకపోయింది. మర్నాడు పత్రికలో సవరణ వేయాల్సి వచ్చింది. నా సర్వీసులో మొదటి సవరణ.

మా బ్యూరో ఇన్‌ఛార్జి ప్రసాద్ నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. అతను కేకలేసినా బాగుండేది.

“అక్కా, డాక్టర్లేమో బాగానే ఉందన్నారంటివి. మరేందక్కా ఇది?” అన్నాడు, టేబుల్ మీద పెన్ను తిప్పుతూ.

“ఓపిక ఉండట్లేదు ప్రసాదూ.”

“అందరికీ అట్టాగే ఉందక్కా. నాకు మాత్రం ఉందా ఏంది?” పెన్ను పక్కన పెట్టాడు. “వచ్చే నెల్లోగా నువ్వే ఏదో ఒకటి చెప్పు. నా నోటితో చెప్పించొద్దు.”

ఇంటికొచ్చి రాజీనామా రాశాను. నాలుగు లైన్లు. ఆరోగ్య కారణాల వల్ల అని రాయబోయి, రిపోర్టు మామూలుగా ఉన్నప్పుడు అది కూడా అబద్ధమే అవుతుంది గదా అని, వ్యక్తిగత కారణాల వల్ల అని మార్చాను. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. డెబ్బై మూడేళ్ళు. నేను రాస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏందే అది?”

“ఉద్యోగం మానేస్తున్నానమ్మా. నా వల్ల కావట్లేదు.”

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నా తల నిమిరి, ఓదార్పుగా అనుకునే చెప్పింది. “నీకు నా పోలిక వచ్చిందే. మన రక్తంలోనే ఉంది బద్ధకం. నేను మాత్రం తక్కువ తిట్లు తిన్నానా?”

తిన్న మాట నిజం. గురజాల పక్కన మా ఊళ్ళో మా నాన్న పదిమందిని వెంటేసుకుని తిరిగే మనిషి. ఊరి రాజకీయమంతా మా వసారాలోనే నడిచేది. వచ్చిన వాళ్ళందరికీ అమ్మే వండేది. వండి, వార్చి, మధ్యాహ్నం కాగానే మంచం మీద పడేది. పొద్దుగూకే దాకా లేచేది కాదు. ఎవరైనా వస్తే నాన్న నవ్వుతూ “మా ఆవిడ మంచం దిగితే మీకు కాఫీ” అనేవాడు. అలా అలా ఊళ్ళో అమ్మ పేరు మంచం రత్తమ్మ అయింది. మా ఇంటికి దారి అడిగితే ఆ పేరుతోనే చెప్పేవాళ్ళు. పెద్దయ్యాక ఏమైనా అవుతాను గానీ అమ్మలా మాత్రం కానని చిన్నప్పుడే అనుకున్నాను. రోజుకు మూడు మండలాలు తిరిగే ఉద్యోగం పట్టుకోవడానికి అది కూడా ఒక కారణం.

ఇప్పుడు అమ్మ నన్ను తన పక్కన చేర్చుకుంటోంది, ప్రేమగా. నాకు ఏడుపొచ్చింది.

మార్చి

రాజీనామా ఆ సోమవారం ప్రసాద్ చేతికివ్వాలని. పొద్దున అమ్మను బీపీ చూపించడానికి తీసుకెళ్ళాలి, అక్కణ్ణుంచి ఆఫీసుకి. అమ్మను చూసే డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై అయిదు కూడా ఉండవు. అమ్మ చేతికి పట్టీ కట్టి గాలి కొడుతోంది. నేను పక్క స్టూలు మీద కూర్చుని, అలవాటు ప్రకారం హ్యాండ్‌బ్యాగు పక్క జేబులోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకున్నాను.

“ఏం తింటున్నారండీ?” అంది ఆమె, పట్టీ విప్పుతూ.

“బియ్యం.” కొంచెం సిగ్గేసింది. “ఊరికే, అలవాటు.”

“పచ్చి బియ్యమా? ఎప్పట్నుంచి?”

“మా అమ్మ దగ్గర్నుంచి” అన్నాను.

అమ్మ నవ్వింది. “మా ఇంటి ఆడోళ్ళందరికీ బియ్యం పిచ్చేనమ్మా. మా అమ్మా తినేది. బియ్యం తింటే పెళ్ళికి వాన కురుస్తదని తిట్టేవాళ్ళు. దీని పెళ్ళికి పందిట్లో తాగటానికి నీళ్ళు లేక ట్యాంకరు తెప్పిచ్చాం.”

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది. కాళ్ళు లాగుతాయా? జుట్టు ఊడుతోందా? మెట్లెక్కితే ఆయాసమా? మే నెలలో ఏమైంది? మాత్రలు ఎన్నాళ్ళు వాడారు? ఎప్పుడు ఆపారు? ఎవరు ఆపమన్నారు? నా వృత్తిలో నేనడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ అమ్మాయి నన్నడిగింది. అడిగి ఒక చీటీ మీద ‘ఫెరిటిన్’ అని రాసింది. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

“ఇది రక్తం పరీక్షేనా? జనవరిలో చేయించాను, మామూలుగానే ఉంది.”

“అది వేరు, ఇది వేరు. చేయించుకుని రండి, నేనుంటాను.”

రక్తం ఇచ్చి, హాల్లో బెంచీ మీద అమ్మా నేనూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక కాగితం చేతికిచ్చారు. అంకె అయిదు. కింద ఉండాల్సిన కనీసపు అంకె అచ్చువేసి ఉంది. దానికి ఇది దరిదాపుల్లో లేదు.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని నా బ్యాగులో ఉన్న జనవరి రిపోర్టు తీయించి దాని పక్కన పెట్టింది. “మా నాన్నగారు ఇరిగేషన్‌లో చేసేవారండీ. నేను పెరిగింది విజయపురి సౌత్‌లో, సాగర్ డ్యాం పక్కనే. మీరు పేపర్లో రాస్తారు గదా, చెప్పండి. కుడి కాలువలో నీళ్ళు నిండుగా పారుతున్నాయంటే సాగర్ నిండుగా ఉన్నట్టేనా?”

“కాదు.”

“మీ హిమోగ్లోబిన్ కాలువ. ఫెరిటిన్ డ్యాం. మేలో ఎక్కించిన రక్తంలో ఉన్న ఐరనూ, నాలుగు నెలలు మీరు మింగిన ఐరనూ, వచ్చింది వచ్చినట్టు కాలువకే పోయింది. డ్యాం నిండకముందే పై నుంచి వచ్చేది ఆపేశారు. కాలువ ఇంకా పారుతోంది, అందుకే రిపోర్టు బాగుంది. వెనక మాత్రం అడుగు కనపడుతోంది. ఒళ్ళంతా పనిచేయడానికి ఐరన్ కావాలి, ఒక్క రక్తానికే కాదు. మీకు నీరసంగా ఉండటంలో వింతేం లేదు. ఇన్నాళ్ళు ఉద్యోగం ఎట్టా చేశారన్నదే వింత.”

ఏళ్ళ తరబడి వేసవిలో రోజూ సాయంత్రం సాగర్‌కు ఫోన్ చేసి నీటిమట్టం అడిగి రాసిన మనిషిని. కాలువ కట్ట మీద నిలబడి, పారే నీళ్ళు చూసి మురిసిపోవద్దని రైతులకు చెప్పి, ఆ మాటే శీర్షికగా పెట్టినదాన్ని. నా ఒంట్లో కూడా ఒక నిల్వ ఉంటుందనీ, దానికి వేరే కొలత ఉంటుందనీ నాకు తెలియదు. నాలుగు డిగ్రీలున్న మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాది బద్ధకం కాదు. ఆ ముక్క కాగితం మీద అంకెగా కనపడుతుంటే సంతోషం రావాలి. రాలేదు. చెంప మీద ఎవరో ఫెడీమని కొట్టినట్టుంది.

“మరి బియ్యం?” అన్నాను ఎలాగో.

“ఐరన్ తక్కువైన వాళ్ళలో కొందరికి అట్టాంటి కోరిక పుడుతుంది. బియ్యం, మట్టి, సుద్ద, ఐసు ముక్కలు. ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదు. నిల్వ నిండితే చాలామందికి అదే పోతుంది.” అమ్మ వైపు తిరిగింది. “పెద్దమ్మా, మీరు ఇప్పుడూ తింటారా?”

“లేదమ్మా. ముట్లు ఆగిపోయినాక రెండు మూడేళ్ళకి ఆ మోజు అదే పోయింది. ఎందుకు పోయిందో మరి.”

డాక్టరమ్మ కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకుంది.

“అప్పట్లో నీరసంగా ఉండేదా?”

“నీరసం కాదమ్మా” అంది అమ్మ, డాక్టరమ్మకి పొరపాటు దిద్దుతున్నట్టు. “బద్ధకం.”

డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుంది. ఎంతమంది పిల్లలని, నెలసరి ఎలా ఉండేదని అడిగింది. అమ్మ చెప్పింది. ముగ్గురు బతికారు, ఇద్దరు పోయారు. నెలలో పదిరోజులు పాత చీరలు ఉతుక్కోవడమే పని. నాకు తెలియని అమ్మ ఎవరో మాట్లాడుతున్నట్టుంది.

“అప్పుడు ఎంత ఉందో ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు పెద్దమ్మా” అంది డాక్టరమ్మ. “నేను చూసి ఉంటే మాత్రం బద్ధకమని రాసేదాన్ని కాదు.”

బయటికొచ్చి ఆటో ఎక్కాం. నేను ఇంటికి చేరాక ప్రసాద్‌కి ఫోన్ చేశాను.

“ప్రసాదూ, మూడు నెలలు డెస్కులో కూర్చుంటాను. ఆ తర్వాత కూడా మెట్లెక్కలేకపోతే అప్పుడు మానేస్తాను. నాకు జబ్బుంది. కాగితం పంపుతున్నా, చూడు.”

కాగితం చూశాక, “ఇదేందక్కా, ఈ పేరెప్పుడూ వినలేదే” అన్నాడు. ఆ సాయంత్రమే మళ్ళీ తనే ఫోన్ చేశాడు. “అక్కా, మా ఇంట్లో దానిక్కూడా మధ్యాహ్నం పడుకుంటే లెగబుద్ధి కాదంట. నేను రోజూ కేకలేస్తున్నా. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు?”

ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా

రెండు విడతలు సెలైనులో కలిపి ఐరన్ ఎక్కించారు. తర్వాత మాత్రలు. మాత్రకీ టీకీ మధ్య ఎడం ఉండాలన్నారు. విలేకరికి అదే పెద్ద శిక్ష. నెలసరి సంగతి మళ్ళీ మొదట్నుంచి చూశారు. ఓపిక ఒక్కసారిగా రాలేదు. వారం వారం, కొంచెం కొంచెం. ఒకరోజు పేపరు మొత్తం ఆగకుండా చదివానని సాయంత్రానికి గానీ గమనించలేదు. ఇంకోరోజు హ్యాండ్‌బ్యాగు దులిపితే గింజలు రాలాయి. ఎన్నాళ్ళ కిందట వేసుకున్నవో. వాటి సంగతే మర్చిపోయాను. నలభై ఏళ్ళ అలవాటు, చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా నాకు సంతోషం కంటే దిగ్భ్రమే ఎక్కువ. రుచి అనుకున్నాం. వంశం అనుకున్నాం. తరాల తరబడి ఒళ్ళు అడుగుతుంటే మేం పెళ్ళిలో వాన గురించి జోకులేసుకున్నాం.

జూన్‌లో మళ్ళీ పరీక్ష చేస్తే నిల్వ ముప్పై ఎనిమిది. ఇంకా పెరగాలట. మా ఆయన ఫ్రిజ్ మీద కాగితం మార్చారు. ఈసారి రెండు గళ్ళు గీశారు. ఎవరైనా చుట్టాలొచ్చి అడిగితే రెండో గడి ఏమిటో ఆయనే నిలబెట్టి పాఠం చెబుతున్నారు. ప్రసాద్ మళ్ళీ నన్ను మాచర్ల వైపు పంపుతున్నాడు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. రక్తం అంకె బాగుపడి మనిషి బాగుపడకపోతే, మనిషి మాట నమ్మండి. నిల్వ సంగతి మీ డాక్టర్ని అడగండి. అడగకుండా మాత్రలు ఆపకండి. అడగకుండా మొదలుపెట్టనూ వద్దు. ఎక్కువైనా ముప్పేనట. రక్తం ఎందుకు తగ్గిందో కారణం వెతకకుండా వదలొద్దు.

అమ్మ మాత్రం మార్చి నుంచీ ఒక రకంగా ఉంది. మాట తగ్గించింది. కోపంగా ఉందో, బాధగా ఉందో తెలియదు. మొన్నొక మధ్యాహ్నం హాల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ ఒక పళ్ళెం తీసుకుని కూర్చున్నాను.

“మీ నాన్నుంటే బాగుండేదే” అంది.

“ఎందుకమ్మా?”

“ఎందుకంటే ఏంది, చెప్పేదాన్ని. ఊళ్ళో అందరి ముందూ చెప్పేదాన్ని.” గింజ తీసి పక్కన పడేసింది. “నువ్వు కూడా అన్నావు గదే.”

నాకు గుర్తుంది. ఎనిమిదో తరగతి. బోరింగు దగ్గర కొత్తగా వచ్చిన టీచరు మీ ఇల్లెక్కడ అని అడిగితే, పిల్లలందరూ నవ్వుతారని, మంచం రత్తమ్మగారిల్లు అని నేనే చెప్పాను. అందరూ నవ్వారు.

“నువ్వు విన్నావా?”

“వినపడకపోవటానికి నేనేమన్నా ఊరవతలున్నానా? నీ ఎనకే బిందె పట్టుకుని నిలబడున్నా.”

ముప్పై ఏడేళ్ళు. అమ్మ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎవరి మీద ఆరోపణ వచ్చినా వాళ్ళ మాట కూడా విని గానీ వార్త పంపకూడదన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం.

“అప్పుడు నీకు ఎట్టా ఉండేదమ్మా?”

అమ్మ చింతపండు ముద్ద చేతిలో పట్టుకుని ఎటో చూసింది.

“ఖాళీ బిందె తీసుకుపోతున్నా నిండు బిందె మోస్తున్నట్టే ఉండేదే. నీళ్ళు పట్టకముందే బరువు. మళ్ళీ తీసుకురావాల గదా అని అక్కడే నిలబడేదాన్ని.” నా వైపు తిరిగింది. “నీకూ అట్టాగే ఉండిందా?”

“అట్టాగే.”

“మరి చెప్పవేందే? ఒకే ఇంట్లో ఉంటిమి.”

“నువ్వు చెప్పావా, ఎప్పుడైనా?” అన్నాను.

“అడిగినోళ్ళెవరే?” అంది అమ్మ.